ఐదో పుస్తకం నొక్కితే మొదటిదానికి టిక్: లైబ్రరీ కేటలాగ్ పేజీలు, వెబ్ ప్రమాణాలు

బెంగళూరు జయనగర్‌లో ఒక పాత ఇంటి పై అంతస్తులో మా తెలుగువాళ్ళ లైబ్రరీ ఉంది. ఆదివారం పొద్దున మాత్రమే తీస్తారు. వారమంతా ఆఫీసులో వెబ్ పేజీల పని చేసే నేను ఆదివారం అక్కడికెళ్ళి కేటలాగ్ సంగతి చూసుకుంటాను. పోయిన వేసవిలో ఒక పెద్దాయన వచ్చారు. సొంతూరు హిందూపురం, ఇప్పుడు యలహంకలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇంట్లోనే ఫోన్‌లో కేటలాగ్ తెరిచి, కావలసిన పుస్తకం రిజర్వ్ చేసుకుని, రెండు బస్సులు మారి వచ్చారు. లైబ్రరీ చూసుకునే అక్క తీసి పెట్టిన పుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన అట్ట చూసి, "ఇది కాదమ్మా నేను అడిగింది" అన్నారు. "సార్, మీరు టిక్ పెట్టిందే కదా తీసి పెట్టినాను" అంది అక్క. అంతకుముందు వారం కూడా ఇలాగే జరిగిందట. వయసు మీద పడి తనే పొరపాటు చేస్తున్నానేమోనని ఆయనకు లోలోపల టెన్షన్.

ఫోన్ తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. చూపు ఆనదని ఆయన పేజీని పెద్దది చేసుకుంటారు. అప్పుడు కూడా టిక్ పెట్టే గడి చిన్నదిగానే ఉంటుంది కాబట్టి, దాని పక్కనున్న పుస్తకం పేరు మీద వేలు పెడతారు. పేరు నొక్కినా టిక్ పడాలి, సరిగా రాసిన పేజీలో పడుతుంది కూడా. ఆయన ఐదో పేరు నొక్కారు. టిక్ మాత్రం మొదటి పుస్తకానికి పడింది. పేజీ పెద్దది చేసి ఉండడంతో ఆ మొదటి పుస్తకం తెరకు పైన, ఆయనకు కనిపించని చోట ఉంది. మేమంతా నేరుగా గడి మీదే నొక్కేవాళ్ళం. అందుకే ఇన్నాళ్ళూ ఒక్కరికీ తప్పు కంటపడలేదు.

సంగతేమిటంటే, వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో పేజీలోని ఏ భాగానికైనా ఐడీ అని ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కసారే రావాలన్నది నియమం. గడికి ఐడీ ఇచ్చి, పక్కనున్న పేరును లేబుల్ చేసి, ఈ లేబుల్ ఫలానా ఐడీ ఉన్న గడిది అని రాస్తే, పేరు నొక్కగానే బ్రౌజర్ ఆ గడిని వెతికి టిక్ పెడుతుంది. మా టెంప్లేట్‌లో, అంటే పేజీలు తయారయ్యే మూసలో, ఇరవై పుస్తకాల గడులకూ ఒకే ఐడీ ఉంది. వీధిలో ఇరవై ఇళ్ళకు ఒకే డోర్ నంబరు రాసి ఉంటే పోస్ట్‌మాన్ మొదట కనిపించిన ఇంట్లో ఉత్తరం వేసి వెళ్ళిపోతాడు. బ్రౌజర్ కూడా పేజీలో ముందు కనిపించిన గడిని పట్టుకుంటుంది. అలా పట్టుకోవాలని ప్రమాణంలోనే ఉంది. అందుకే క్రోమ్‌లో చూసినా, ఫైర్‌ఫాక్స్‌లో చూసినా, సఫారీలో చూసినా టిక్ మొదటి పుస్తకానికే పడింది.

ఈ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కేటలాగ్‌ను ప్రమాణాల ప్రకారం సరిచేసే పనిలో పడ్డాను. పుస్తకాలతో, కంప్యూటర్లతో ఏ కొంచెం సంబంధం ఉన్నవాళ్ళకైనా పనికొస్తుందని ఆ విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

వెబ్ ప్రమాణం అనేది పేజీ రాసేవాళ్ళకూ బ్రౌజర్ తయారుచేసేవాళ్ళకూ మధ్య ఒప్పందం. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. జయనగర్‌లో నేను రాసిన లైను యలహంకలో ఏ ఫోన్‌లో తెరుచుకుంటుందో నాకు తెలియదు. ఇద్దరం ఒకే నియమాల పుస్తకం చూసి పనిచేస్తేనే పెద్దాయన నొక్కిన పేరుకు సరైన గడి దొరుకుతుంది. 1989లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో ఉండగా టిమ్ బెర్నర్స్-లీ వెబ్ కోసం ప్రతిపాదన రాశారు. 1994లో ఆయన నాయకత్వంలోనే డబ్ల్యూత్రీసీ ఏర్పడింది. ఈ నియమాలు రాయడమే ఆ సంస్థ పని. అయితే ఆ రోజుల్లో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్లు ఒకదానితో ఒకటి పోటీపడి సొంత ట్యాగులు, అంటే పేజీలో ఏ భాగం ఏమిటో చెప్పే సంకేతాలు, పుట్టించాయి. పేజీలో తప్పుంటే ఎలా సర్దుకోవాలో ఎక్కడా రాసి లేకపోవడంతో ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా ఊహించుకునేది. ఒకదాంట్లో చక్కగా ఉన్న పట్టిక ఇంకోదాంట్లో చెదిరిపోయేది.

ఆ పాత పేజీల కోసం పెట్టిన ఏర్పాటు ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. ఇది ప్రమాణం ప్రకారం రాసిన పేజీ అని చెప్పే డాక్‌టైప్ ప్రకటన పేజీ మొదటి లైనులో లేకపోతే, ఇది తొంభైల నాటి పేజీ కాబోలు అనుకుని బ్రౌజర్ క్వర్క్స్ మోడ్‌లోకి వెళ్ళి పాత లెక్కలతో కొలతలు వేస్తుంది. ఏళ్ళ తరబడి చేతులు మారిన లైబ్రరీ టెంప్లేట్‌లో ఎవరో ఆ లైనుకు పైన ఇంకేదో అతికిస్తారు, అంతే, పేజీ మొత్తం ఆ మోడ్‌లోకి జారిపోవచ్చు. కేటలాగ్ అమరిక అంతుపట్టకుండా చెదిరి ఉంటే నేను ముందు చూసేది ఆ మొదటి లైనే.

2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్ళు కలిసి వాట్‌విగ్ అనే బృందం పెట్టుకున్నారు. వాళ్ళు మొదలుపెట్టిన పనే తర్వాత హెచ్‌టీఎంఎల్5 అయ్యి, 2014లో డబ్ల్యూత్రీసీ ఆమోదం పొందింది. 2019 నుంచి రెండు సంస్థలూ ఒకే ప్రతిని ప్రమాణంగా ఒప్పుకున్నాయి. హెచ్‌టీఎంఎల్5 అనగానే చాలామందికి వీడియోలు, బొమ్మలు గుర్తొస్తాయి. నన్నడిగితే దాని గొప్పతనం వేరే చోట ఉంది. తప్పుగా రాసిన పేజీని ఎలా సరిదిద్దుకోవాలో అడుగడుగునా వివరంగా రాసిపెట్టింది. అందువల్ల ఇప్పుడు బ్రౌజర్లన్నీ తప్పును ఒకేలా సర్దుకుంటాయి. మరి అన్నీ ఒకేలా సర్దుకుంటుంటే తప్పులు దిద్దడం ఎందుకని మా ఆఫీసులో కుర్రవాళ్ళు అడుగుతుంటారు. పెద్దాయన గడి విషయంలో జరిగింది అదే కదా. అన్ని బ్రౌజర్లూ ఏకగ్రీవంగా మొదటి పుస్తకాన్నే ఎంచుకున్నాయి. బ్రౌజర్ పేజీని నిలబెడుతుంది గానీ రాసినవాళ్ళ మనసులో ఏముందో దానికి తెలియదు.

లైబ్రరీ కేటలాగ్‌లో తప్పులు ఎక్కడ పుడతాయో తెలియాలంటే ఆ పేజీ ఎలా తయారవుతుందో చూడాలి. దాన్ని ఎవరూ కూర్చుని రాయరు, అడిగినప్పుడల్లా మూడు చోట్ల నుంచి ముక్కలొచ్చి అతుక్కుంటాయి. మొదటిది పుస్తకం రికార్డు. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ రూపొందించిన మార్క్ పద్ధతిలోనే ప్రపంచంలో చాలా లైబ్రరీలు ఇప్పటికీ రికార్డులు దాచుకుంటాయి. అందులో 245 అంటే పుస్తకం పేరు, 100 అంటే రచయిత. రెండోది ఆ రికార్డును పేజీగా మార్చే టెంప్లేట్. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన కోహా, మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ వంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఇలాంటి టెంప్లేట్లు ఉంటాయి. మూడోది లైబ్రరీలో మనం అతికించేది: సెలవు నోటీసు, లోగో, కొత్త పుస్తకాల జాబితా.

ఈ మూడూ ఒక్కోటి విడిగా బాగానే ఉంటాయి, కలిసే చోట తేడా వస్తుంది. పుస్తకం పేరులో & గుర్తు ఉందనుకోండి. రికార్డులో అది మామూలు అక్షరం. హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం దానికి వేరే పనుంది, అక్కడి నుంచి ఏదో సంకేతం మొదలవుతోందని బ్రౌజర్ అనుకుంటుంది. టెంప్లేట్ దాన్ని సరైన రూపంలోకి మార్చి పంపాలి. కొన్నేళ్ళ క్రితం కఠినమైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పద్ధతిలో పంపే పేజీలో ఇలాంటి గుర్తు ఒక్కటి పడితే పేజీ మొత్తం పోయి ఎర్రర్ కనిపించేది. ఇప్పుడంత కఠినం లేదు. కానీ రికార్డులో ఉన్నది ఉన్నట్టు పేజీలోకి పోసే టెంప్లేట్‌లో, ఎవరైనా పుస్తకం పేరు స్థానంలో స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాసిపెడితే అది పాఠకుడి బ్రౌజర్‌లో నడుస్తుంది. కాబట్టి ఇది భద్రత విషయం కూడా.

నోటీసు సంగతి ఇంకా మామూలుగా జరిగేది. అక్క ఉగాది సెలవు నోటీసు వర్డ్‌లో టైప్ చేసి, కాపీ చేసి, కేటలాగ్ మొదటి పేజీలో అతికించింది. దాంతోపాటు వర్డ్ ట్యాగులు కూడా వచ్చాయి. నోటీసును కుదించడానికి ఎవరో అందులో కొంత చెరిపేశారు, బోల్డ్ మొదలయ్యే ట్యాగు మిగిలి, మూసే ట్యాగు పోయింది. ఆ తర్వాత వచ్చే పేరాలన్నీ బోల్డ్ అయ్యాయి. ఉగాది వెళ్ళిపోయాక కూడా రెండు నెలలు పేజీ అలాగే ఉంది, అందరూ అది డిజైన్ అనుకున్నారు.

ఇలాంటివి పట్టుకోవడానికి డబ్ల్యూత్రీసీ వాలిడేటర్ ఉచితంగా దొరుకుతుంది. పేజీ చిరునామా ఇస్తే ఏ లైనులో ఏ నియమం తప్పిందో చెబుతుంది. చాలామంది లైబ్రరీ మొదటి పేజీని మాత్రమే పరీక్షించి, బాగుందని సంతోషిస్తారు. కేటలాగ్‌కు ప్రాణం వెతుకులాట ఫలితాల పేజీలో ఉంటుంది. నేను ఆ పేజీ ఇవ్వగానే అరవై పైచిలుకు తప్పులు ఎర్రగా వరసకట్టాయి. చూడగానే గుండె జారుతుంది. నెమ్మదిగా చదివితే అందులో అసలు తప్పులు మూడే. ఒకే ఐడీ మళ్ళీ మళ్ళీ రావడం 19 సార్లు, అట్ట బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం (బొమ్మ చూడలేనివాళ్ళ కోసం రాసే మాటలు) లేకపోవడం 20 సార్లు, లైనులో కొన్ని మాటలను చుట్టే స్పాన్ ట్యాగులో శీర్షిక ట్యాగు ఇరికించడం 20 సార్లు. మిగిలిన కొన్ని ఆ నోటీసు పుణ్యం. టెంప్లేట్‌లో మూడు లైన్లు దిద్దితే కేటలాగ్‌లోని అన్ని ఫలితాల పేజీలూ ఒకేసారి బాగుపడ్డాయి. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళు తప్పుల సంఖ్య చూసి భయపడొద్దు. ఒకే రకం తప్పులను ఒక కుప్పగా వేసి లెక్కపెట్టుకోండి.

కొత్తవాళ్ళు తికమకపడే విషయం ఇంకొకటుంది. బ్రౌజర్‌లో పేజీ లోపలి కోడ్ చూడడానికి రెండు దారులున్నాయి. ఇన్‌స్పెక్టర్ తెరిస్తే కనిపించేది బ్రౌజర్ అప్పటికే సరిదిద్దుకున్న రూపం. మూయని ట్యాగులు అందులో మూసి ఉంటాయి, తప్పు చోట ఉన్నవి సర్ది ఉంటాయి. సర్వర్ నిజంగా ఏం పంపిందో చూడాలంటే పేజీ సోర్స్ తెరవాలి. మా వాళ్ళలో ఒకరు ఇన్‌స్పెక్టర్‌లో అంతా సరిగానే ఉంది కదా అని ఒక పూటంతా వాదించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

ఇక బ్రౌజర్ల మధ్య నేటికీ మిగిలిన తేడాలు చూద్దాం. వెబ్ పేజీలో ఉండే మూడు భాషలకు మూడు స్వభావాలు. హెచ్‌టీఎంఎల్ తప్పును సర్దుకుంటుంది. పేజీ రంగులు, అమరిక చెప్పే సీఎస్ఎస్ తనకు అర్థంకాని లైనును వదిలేసి ముందుకెళ్తుంది. పేజీలో నడిచే ప్రోగ్రాములు రాసే జావాస్క్రిప్ట్ అలా కాదు, వాక్యనిర్మాణంలో తనకు తెలియని గుర్తు ఒక్కటి కనిపించినా ఆ ఫైలు మొత్తాన్ని పక్కన పడేస్తుంది. ఫోన్ పాతబడేకొద్దీ ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు కొంతకాలం తర్వాత క్రోమ్ కొత్త వెర్షన్లు రావడం ఆగిపోతుంది. కొడుకులు, కోడళ్ళు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో పెద్దవాళ్ళకు ఇస్తారు. మా లైబ్రరీకి ఎక్కువగా వచ్చేది ఆ పెద్దవాళ్ళే.

పక్కపక్కన పేర్చే ఫ్లెక్స్ అనే సీఎస్ఎస్ అమరికలో బటన్ల మధ్య ఖాళీకి వాడే గ్యాప్ అనే సదుపాయం క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2021లో వచ్చింది. అంతకన్నా పాత బ్రౌజర్‌లో బటన్లు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి, కానీ పనిచేస్తాయి. అదే జావాస్క్రిప్ట్‌లో 2020 ప్రాంతంలో బ్రౌజర్లలోకి వచ్చిన ఆప్షనల్ చెయినింగ్ గుర్తు (ఉందో లేదో తెలియని విలువను ఎర్రర్ రాకుండా అడిగేది) వాడితే, పాత ఫోన్‌లో ఆ స్క్రిప్ట్ నడవనే నడవదు. మా కేటలాగ్‌లో వెతుకు బటన్ ఆ స్క్రిప్ట్ మీదే ఆధారపడి ఉండేది. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పెట్టె, బటన్, సర్వర్‌కు పంపే చిరునామా, ఈ మూడింటితో మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం రాస్తే వెతుకులాటకు అసలు జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. ఆ పునాది వేశాక, టైప్ చేస్తుంటే పేర్లు సూచించడం లాంటి హంగులు స్క్రిప్ట్‌తో చేర్చుకోవచ్చు. హంగు పోయినా పుస్తకం దొరుకుతుంది. లైబ్రరీ పేజీకి ఇది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం.

బ్రౌజర్ పేర్లు ఎన్ని ఉన్నా లోపలి ఇంజన్లు ప్రధానంగా మూడు. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, శామ్‌సంగ్ ఇంటర్నెట్ బ్లింక్ మీద నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్ గెకో మీద, సఫారీ వెబ్‌కిట్ మీద నడుస్తాయి. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల ఉండేది వెబ్‌కిట్టే. కాబట్టి కంప్యూటర్‌లో క్రోమ్, ఎడ్జ్ రెండింట్లో చూసి రెండు బ్రౌజర్లలో పరీక్షించాననుకుంటే ఒకే ఇంజన్‌ను రెండుసార్లు చూసినట్టు. పాఠకుడు ఏ బ్రౌజర్‌తో వచ్చాడో కనిపెట్టి దానికి తగ్గట్టు వేరే పేజీ పంపే పద్ధతి కూడా మంచిది కాదు. పాత సైట్లలో ఇబ్బంది రాకుండా క్రోమ్ తన గుర్తింపు వాక్యంలో మొజిల్లా, ఆపిల్‌వెబ్‌కిట్, గెకో, సఫారీ అన్ని పేర్లూ చెప్పుకుంటుంది. ఆ వాక్యాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోలేం. కావలసిన సదుపాయం ఆ బ్రౌజర్‌లో ఉందో లేదో నేరుగా అడిగి తెలుసుకోవడమే సరైన దారి.

ఇంతవరకూ చెప్పినవి ఏ భాష కేటలాగ్‌కైనా వర్తిస్తాయి. తెలుగు కేటలాగ్‌కు ఇంకో అంతస్తు ఉంది, అక్కడికి వాలిడేటర్ చూపు ఆనదు.

2000 తర్వాత కొన్నేళ్ళు తెలుగు సైట్లు ఎలా ఉండేవో ఆనాటివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తెరమీద తెలుగు, అడుగున మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. డైనమిక్ ఫాంట్ దిగితేనే ఆ కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కనిపించేవి. ఆ ఫాంట్లు ఎక్కువగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే అర్థమయ్యే రకం. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. ఆ రాతలను యూనికోడ్‌లోకి, అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు ఒక్కో కోడ్ ఇచ్చే ప్రమాణంలోకి, మార్చి చూపించడానికి పద్మ అనే పొడిగింపు వేసుకునేవాళ్ళం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది, మన వాడుకలోకి రావడానికే కాలం పట్టింది. ఆ అలవాటు మిగిల్చిన శేషాలు ఇప్పటికీ లైబ్రరీ రికార్డుల్లో దొరుకుతాయి.

మా దగ్గర దొరికింది ఐత్వం. అరలో మైసూరు మీద అరడజను పుస్తకాలుంటే, మైసూరు అని వెతికితే రెండే వచ్చేవి. రికార్డు తెరిచి చూస్తే మిగతావాటిలో కూడా మైసూరు అనే ఉంది, కంటికి రవ్వంత తేడా లేదు. ఐత్వాన్ని జాగ్రత్తగా చూడండి, పైన ఎత్వం ఉంటుంది, కింద తోక ఉంటుంది. యూనికోడ్‌లో రెండూ కలిసిన ఐత్వానికి ఒక కోడ్ ఉంది. ఎత్వానికి వేరే కోడ్, కింది తోకకు ఇంకో కోడ్ కూడా ఉన్నాయి. పాత ఫాంట్‌లో టైప్ చేసిన జాబితాను యూనికోడ్‌లోకి మార్చిన సాధనం ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాసింది. పాఠకుడి కీబోర్డు ఒకే ముక్కగా రాస్తుంది. తెరమీద ఒకటే అక్షరం, కంప్యూటర్ లెక్కలో రెండు వేరు మాటలు. మైసూరు ఒక్కటే కాదు, కైఫియత్తులు, వైద్యం, శైవం, చైతన్యం, ఐత్వం ఉన్న ప్రతి పేరుకూ ఇదే గతి. దీనికి మందు నార్మలైజేషన్. రికార్డు దాచేటప్పుడూ, పాఠకుడు వెతికేటప్పుడూ రెండు రాతలనూ ఒకే రూపంలోకి తెచ్చి పోల్చాలి. యూనికోడ్‌లో ఎన్ఎఫ్‌సీ అని పిలిచే రూపం ఈ రెండు ముక్కలనూ కలిపి ఒక ఐత్వం చేస్తుంది. రాత్రి ఒక చిన్న ప్రోగ్రాం నడిపించి పొద్దున్నే వెతికితే మైసూరు పుస్తకాలన్నీ వచ్చాయి. అక్క వెళ్ళి అరలో ఒక్కొక్కటీ సరిచూసుకుని వచ్చింది.

రాజ్‌కుమార్ లాంటి పేర్లలో ఇంకో చిక్కు. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, కొన్ని కీబోర్డులు వాటంతట అవే పెడతాయి. చూపించేటప్పుడు ఆ గుర్తు ఉండాలి, వెతికే సూచిలో మాత్రం తీసేయాలి.

ఒత్తుల విషయం చూడగానే తెలిసిపోతుంది. రాష్ట్రం అనే మాటలో ష కింద టావత్తు, దానితోపాటు రావత్తు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలను బట్టి లైను ఎత్తు బిగించి, పెట్టె దాటిందల్లా దాచెయ్యమని సీఎస్ఎస్‌లో రాస్తే కింది ఒత్తు తెగిపోతుంది. విండోస్‌లో నిర్మల యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ వాటిలో కోహినూర్, ఇలా ఒక్కోచోట ఒక్కో తెలుగు ఫాంట్. వాటి ఎత్తు కొలతలు ఒకటి కాదు. నా ల్యాప్‌టాప్‌లో నిండుగా ఉన్న పేరు ఇంకొకరి ఫోన్‌లో కాళ్ళు తెగి కనిపిస్తుంది. లైను ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లు పెట్టి, పెట్టెలకు స్థిరమైన ఎత్తు తీసేశాను. పుస్తకం పేరు రెండు లైన్లయినా పెట్టె దానితోపాటు పెరుగుతుంది.

పొడవైన పేర్లను కత్తిరించే పద్ధతి కూడా ఇంగ్లీషు లెక్కే. ముప్ఫై అక్షరాల తర్వాత చుక్కలు పెట్టమని టెంప్లేట్‌లో ఉంది. స్త్రీ అనే ఒక్క అక్షరం యూనికోడ్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కత్తెర మధ్యలో పడితే స్ అని మిగిలి పక్కన చుక్కలొస్తాయి. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ ఒక్క అక్షరం 18 బైట్లు, వెతుకులాట చిరునామాలోకి ఎక్కితే 54 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో తెలుగు లింకు పంపితే అంత పొడుగు రావడానికి కారణం ఇదే. ఇప్పుడు సర్వర్‌లో కత్తిరించడం మానేశాం. పేరు మొత్తం పేజీలో ఉంటుంది, చోటు చాలకపోతే చివర చుక్కలు పెట్టే పని సీఎస్ఎస్ చూసుకుంటుంది.

భాష గుర్తు గురించి కొంచెం ఆగి చెప్పాలి. బెంగళూరు లైబ్రరీలో తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు ఒకే జాబితాలో వస్తాయి. పేజీలో ఏ ముక్క ఏ భాషో లాంగ్ అనే గుణంతో చెప్పాలి. చూపులేనివాళ్ళు వాడే ఎన్‌వీడీఏ, టాక్‌బ్యాక్ లాంటి తెర చదివే సాధనాలు దాన్ని బట్టి గొంతు మార్చుకుంటాయి. పేజీ అంతా ఇంగ్లీషని చెప్పి మధ్యలో తెలుగు పేరు పెడితే, చాలాసార్లు ఇంగ్లీషు గొంతు దాన్ని ఖూనీ చేస్తుంది, లేదా దాటేస్తుంది. ఈ సమాచారం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మార్క్ రికార్డులో 008 అనే వరసలో 35 నుంచి 37 వరకున్న మూడు స్థానాలు భాషవే, తెలుగుకు టీ-ఈ-ఎల్ అని ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌కు కావలసింది రెండక్షరాల టీ-ఈ. కన్నడానికి కేఏఎన్ బదులు కేఎన్, తమిళానికి టీఏఎం బదులు టీఏ. టెంప్లేట్‌లో నాలుగు లైన్ల మార్పిడి పట్టిక రాస్తే చాలు. ఎప్పుడో ఒక కేటలాగర్ ఓపిగ్గా నింపిన మూడక్షరాలు ఇన్నేళ్ళ తర్వాత ఒక చూపులేని పాఠకుడికి పుస్తకం పేరు సరిగ్గా వినిపిస్తాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

అట్ట బొమ్మల దగ్గర వాలిడేటర్ అడిగే ప్రత్యామ్నాయ పాఠం కూడా ఆలోచించి రాయాలి. పుస్తకం పేరు పక్కనే ఉన్నప్పుడు బొమ్మకు మళ్ళీ అదే పేరు రాస్తే తెర చదివే సాధనం ప్రతి పేరూ రెండుసార్లు చదువుతుంది. అక్కడ ఖాళీ పాఠం పెట్టడమే సరైనది. ఖాళీగా పెట్టడం వేరు, అసలు రాయకపోవడం వేరు.

ప్రభుత్వ లైబ్రరీలకైతే ఇవి ఇష్టాయిష్టాల విషయం కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, మూడో వెర్షన్ 2023లో వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 కూడా సమాచారం అందరికీ అందాలంటుంది. మాలాంటి చిన్న లైబ్రరీని ఎవరూ తనిఖీ చేయరు.

ఏ తప్పు ముందు దిద్దాలో తేల్చుకోవడానికి నేను ఎస్.ఆర్. రంగనాథన్‌ను తలుచుకుంటాను. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరి, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు అచ్చువేసి, 1962లో మన బెంగళూరులోనే డీఆర్‌టీసీ అనే శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పిన మనిషి. ఆయన రెండో సూత్రం ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలంటుంది, నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. వాలిడేటర్‌కు స్పాన్‌లో శీర్షిక ఇరికించడం, ఐడీ మళ్ళీ రావడం రెండూ ఒకే ఎరుపు. రంగనాథన్ లెక్కలో మొదటిదానివల్ల ఎవరి సమయమూ పెద్దగా పోలేదు, రెండోదానివల్ల ఒక పెద్దమనిషికి రెండు ఆదివారాలు, ఎనిమిది బస్సులు వృథా అయ్యాయి. ఐత్వం తప్పును వాలిడేటర్ అసలు చూడనే లేదు, దానివల్ల పుస్తకాలే మాయమయ్యాయి. అందుకే ముందు ఐడీ, తర్వాత ఐత్వం, ఆ తర్వాత భాష గుర్తు దిద్దాను. శీర్షికలు చివర్న దిద్దాను.

ఇప్పుడు టెంప్లేట్‌లో ఏ మార్పు చేసినా వాలిడేటర్ అయ్యాక మరో నాలుగు చోట్ల చూస్తాం. అక్క టేబుల్ మీది విండోస్ కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్, మా ఇంట్లో ఐఫోన్, మౌస్ పక్కన పెట్టేసి కీబోర్డు ఒక్కటే వాడి నా ల్యాప్‌టాప్. నాలుగోది పెద్దాయన ఫోన్. ఆయన వచ్చి కూర్చోగానే పేజీ పెద్దది చేసి, కిందికి జరిపి, ఐదో పేరు నొక్కి, మళ్ళీ పైదాకా వెళ్ళి మొదటి గడి ఖాళీగా ఉందో లేదో చూసి నాకు చెబుతారు. పోయిన ఆదివారం గడి ఖాళీగానే ఉంది గానీ, రిజర్వ్ తేదీ ఎంచుకునే పెట్టె ఆయన తెరకు కుడివైపు సగం బయటికి పోయింది. ఈ వారం పని అది.